కుడిచిన నోరు, కుడిపిన తల్లి: తెలుగు సాహిత్యంలో చనుబాల అనుభవం

వ్యాససంగ్రహం: తెలుగు సాహిత్యంలో తల్లిపాల ప్రస్తావన విస్తారంగా ఉంది. ఆ ప్రస్తావనల్లో అధికభాగం పాలు తాగిన బిడ్డ వైపు నుంచి చేసినవి. పురిటి మంచం మొదలు బిడ్డ పాలు మానేవరకు తల్లి పడే శ్రమ, సందేహం, నొప్పి, సంతోషం ఎక్కడ అక్షరరూపం పొందాయో, ఎక్కడ పొందలేదో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. జగ్గయ్యపేట మాంధాత శిల్పం, పాల్కురికి సోమనాథుని బెజ్జమహాదేవి, పోతన యశోద, నందిగామ ప్రాంతంలోని పెనుగంచిప్రోలులో జన్మించిన భండారు అచ్చమాంబ, స్త్రీవాద కవిత్వం ఇందుకు ఆధారాలు.

కీలకపదాలు: చనుబాలు, మాతృత్వం, బాలింత, బెజ్జమహాదేవి, యశోద, భండారు అచ్చమాంబ, స్త్రీవాదం, నందిగామ.

1. ప్రవేశిక

జగ్గయ్యపేట బౌద్ధస్తూపాన్ని 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వించాడు. అక్కడ లభించిన శిల్పాల్లో ఎక్కువ ప్రసిద్ధి పొందినది చక్రవర్తి ఫలకం. రాజు చెయ్యెత్తి నిలబడి ఉంటాడు. పైనుంచి నాణేల వాన కురుస్తూ ఉంటుంది. చుట్టూ చక్రం, ఏనుగు, గుర్రం, మణి మొదలైన సప్తరత్నాలు. వాటిలో స్త్రీరత్నం కూడా ఒకటి, అంటే పట్టపురాణి. ఈ చక్రవర్తిని పండితులు మాంధాతగా గుర్తించారు. చరిత్రకారులు ఈ ఫలకాన్ని రాజ్యాధికార భావనకు, తొలి ఆంధ్రశిల్పరీతికి నిదర్శనంగా చూశారు. ఆ పేరులో ఉన్న కథను పట్టించుకున్నవారు తక్కువ. మాంధాత అన్న పేరు పాలు తాగడానికి సంబంధించిన పేరు.

మహాభారత అరణ్యపర్వంలోనూ, భాగవత నవమస్కంధంలోనూ ఈ కథ ఉంది. యువనాశ్వుడనే రాజు సంతానం కోసం మంత్రించి ఉంచిన జలాన్ని దాహం కొద్దీ తానే తాగి గర్భం ధరిస్తాడు. అతని ఉదరపార్శ్వం చీల్చుకొని కొడుకు పుడతాడు. పుట్టిన బిడ్డ ఆకలికి ఏడుస్తాడు. వీడు ఎవరి పాలు తాగాలి అన్న ప్రశ్న వస్తుంది. ఇంద్రుడు ‘నన్ను తాగుతాడు’ అని తన చూపుడువేలు బిడ్డ నోటికి అందిస్తాడు. ఆ మాటే పేరయింది. బౌద్ధుల దివ్యావదానం ఇదే పేరుకు మరొక కథ చెబుతుంది. ఉపోషధుడనే రాజు తలమీది కణితి నుంచి పుట్టిన బిడ్డను అంతఃపురానికి తీసుకువెళ్తే, అక్కడి అరవైవేలమంది స్త్రీలకూ ఆ పసివాణ్ణి చూడగానే పాలు చేపాయి. ప్రతి ఒక్కరూ ‘నా పాలు తాగు’ అన్నారు. జగ్గయ్యపేట శిల్పులకు తెలిసినది ఈ బౌద్ధకథే అయివుండాలి.

రెండు కథలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విషయం తెలుస్తుంది. వైదిక పురాణకథ గర్భాన్ని పురుషుడికి ఇవ్వగలిగింది గాని, పాల దగ్గరికి వచ్చేసరికి చిక్కుపడి దేవేంద్రుడి వేలిని ఆశ్రయించింది. బౌద్ధకథ పాలను స్త్రీలకే వదిలింది, కాని వారి సంఖ్యను అరవైవేలకు పెంచి వారిలో ఏ ఒక్కరికీ పేరు లేకుండా చేసింది. పేరు మిగిలింది తాగినవాడికే. శిల్పంలో ఏడు రత్నాలున్నాయి, పాలిచ్చిన స్త్రీ లేదు.

తెలుగుకు ‘కుడుచు’, ‘కుడుపు’ అనే క్రియల జంట ఉంది. మొదటిది బిడ్డ చేసే పని, రెండవది తల్లి చేసే పని. సాహిత్యంలో చనుబాల చరిత్రను ఈ రెండు క్రియల మధ్య దూరంగా చదవవచ్చు. తాగినవాడి అనుభవం కావ్యవస్తువయింది. తాగించిన మనిషి అనుభవం, బిడ్డ పుట్టిన గంట నుంచి వాడు నడిచివచ్చి కొంగు పట్టుకులాగే వయసు దాకా సాగే ఆ రెండు మూడేళ్ల అనుభవం, చాలావరకు కావ్యం బయటే ఉండిపోయింది. అయితే అది పూర్తిగా మౌనం అనడం సరికాదు. పాలు ఇవ్వడానికి అడ్డంకి ఏర్పడిన ప్రతిచోటా ఆ తల్లి ఒక్కసారిగా సాహిత్యంలో కనబడుతుంది. ఆ చోట్లను వెతకడమే ఇక్కడి పని.

2. మాటల్లో మిగిలిన అనుభవం

కావ్యాలకంటే ముందు మాటలను చూడాలి. ‘కన్ను’కు ‘కంటి’ ఔపవిభక్తికరూపం అయినట్లే ‘చన్ను’కు ‘చంటి’ అవుతుంది. చంటిబిడ్డ అంటే చన్నుకు చెందిన బిడ్డ. నోరారా పిలిచే ముద్దుమాటలో ఇంత వ్యాకరణం ఉందని పిలిచేవారికి తెలియదు. కవులు వాడిన ‘పాలిండ్లు’ అన్న మాట కూడా పాలకు ఇళ్లు అన్న అర్థంలో ఏర్పడినదే. ప్రబంధాలు ఆ మాటను శృంగారవర్ణనలో ఎంతగా అరగదీశాయంటే, అందులోని పాలు పాఠకుడికి స్ఫురించడం మానేశాయి.

స్త్రీల వాడుకలో ఉన్న మాటలు ఇంతకంటే సూక్ష్మమైనవి. ‘పాలు పడటం’ అంటే ప్రసవమైన తరువాత రెండు మూడు రోజులకు రొమ్ము నిండడం. ‘పాలు చేపడం’ అంటే బిడ్డ స్పర్శకో ఏడుపుకో ఆ పాలు దిగిరావడం. ‘పాలు గడ్డకట్టడం’ అంటే బిడ్డ తాగక రొమ్ము రాయిలా మారి జ్వరం రావడం. ‘పాలు మాన్పించడం’ చివరిది. ఒక్కొక్క క్రియ ఒక్కొక్క దశ. వైద్యశాస్త్రం విడివిడిగా గుర్తించిన ప్రక్రియలను ఈ మాటలు చాలాకాలం ముందే విడదీసి పెట్టాయి. గమనించదగినది ఏమిటంటే, వీటిలో మొదటి మూడింటికీ తల్లి కర్త కాదు. పాలు తామే పడతాయి, తామే చేపుతాయి, తామే గడ్డకడతాయి. పాలు పడలేదని అత్తింటివారు కోడలిని ఆడిపోసుకున్న ఇళ్లలో కూడా భాష మాత్రం ఆమెను కర్తను చేయలేదు.

ఈ మాటల్లో కొన్ని పశువులకూ వర్తిస్తాయి. ఆవు చేపుతుంది, తల్లీ చేపుతుంది. ముర్రుపాలు గేదెకూ ఉంటాయి, బాలింతకూ ఉంటాయి. ఇక్కడ ఒక వైరుధ్యం ఉంది. గేదె ఈనితే ముర్రుపాలతో జున్ను వండి ఇరుగుపొరుగుకు పంచుకున్న ఇళ్లలోనే బాలింత ముర్రుపాలను ‘మంచివి కావు’ అని పిండి పారబోయించిన ఆచారం ఉండేది. బిడ్డకు తేనెచుక్కో పంచదార నీళ్లో నాకించి మూడో రోజు దాకా ఆపేవారు. పుట్టిన గంటలోపే పాలు పట్టాలని, ఆరు నెలల వరకు మరేదీ ఇవ్వనక్కరలేదని, రెండేళ్లు, ఆపైన కూడా పాలు కొనసాగించవచ్చని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెబుతున్నది ఆ పారబోతకు నేరుగా విరుద్ధం. పాలు పడటానికి బాలింతకు తెలగపిండి, వెల్లుల్లి, మునగాకు పెట్టిన చేతులే ముర్రుపాలను పారబోయించాయి. ఒకే ఇంటి జ్ఞానంలో ఆదరమూ అపోహా పక్కపక్కనే ఉన్నాయన్నది సామాజిక చరిత్రకారులు మాత్రమే పట్టించుకోవలసిన విషయం కాదు. కథకు కావలసిన సంఘర్షణ అంతా అందులోనే ఉంది.

సామెతలకు వస్తే దృష్టికోణం మళ్లీ తాగేవాడిది. ‘ఏడవనిదే అమ్మయినా పాలివ్వదు’ అన్న సామెతను కార్యాలయాల్లో అర్జీ పెట్టుకునేవాడికి బుద్ధి చెప్పడానికి వాడతారు. ఇందులో తల్లి అడిగితేగాని ఇవ్వని అధికారిగా మారింది. నిజానికి ఏడుపు ఆకలికి ఆలస్యంగా కనబడే గుర్తు. అంతకు చాలా ముందే బిడ్డ పెదవులు చప్పరించడం, పిడికిలి నోటికి చేర్చడం, తల అటూ ఇటూ తిప్పి వెతకడం చేస్తుంది. పక్కలో పడుకున్న తల్లి చీకట్లోనే ఆ కదలిక గుర్తుపట్టి అందిస్తుంది. సామెత పుట్టించినవారు ఆ కదలికను గమనించే స్థానంలో లేరనుకోవాలి. ‘తల్లిపాలు తాగి రొమ్ము గుద్దడం’ అన్న నానుడి ద్రోహానికి పరాకాష్ఠ. పళ్లు వచ్చిన బిడ్డ నిజంగానే కొరుకుతాడని, ఆటలో రొమ్ము మీద గుద్దుతాడని, తల్లి కెవ్వుమని అరిచి మళ్లీ నవ్వుతుందని ఆ నానుడికి గుర్తులేదు. పాలు రుణంగా మారిన చోట రోజువారీ అనుభవం మాయమవుతుంది.

3. బెజ్జమహాదేవి: కుడవని బిడ్డ

పాలు ఎవరిని కవిని చేస్తాయి? సౌందర్యలహరి అమ్మవారి స్తన్యాన్ని సారస్వతంతో పోలుస్తూ, దానిని తాగిన ద్రవిడశిశువు గొప్ప కవి అయ్యాడంటుంది. ఆ శిశువు శీర్కాళిలో పుట్టిన తిరుజ్ఞానసంబంధర్ అని ఒక సంప్రదాయం. తాగినవాడు పాడాడు. తాగించిన అమ్మవారికి స్తోత్రాలు వచ్చాయి గాని పాట రాలేదు.

ఈ నేపథ్యంలో పదమూడవ శతాబ్దపు పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలో చెప్పిన బెజ్జమహాదేవి కథ అబ్బురం కలిగిస్తుంది. ఆమె భక్తి ఒక సందేహంతో మొదలవుతుంది. శివుడికి అన్ని వరుసలవారూ ఉన్నారు, తల్లి మాత్రం లేదు. తల్లి ఉండివుంటే విషం తాగనిస్తుందా, పాములు చుట్టుకోనిస్తుందా, వల్లకాట్లో తిరగనిస్తుందా? శివుడి ప్రసిద్ధ చిహ్నాలన్నిటినీ ఆమె తల్లిలేని బిడ్డ లక్షణాలుగా చదువుతుంది. పురాణగౌరవాన్ని ఇంత మామూలుగా ఇంటి భాషలోకి దించిన ఘట్టాలు తెలుగులో చాలా తక్కువ. ఆ తరువాత ఆమె తానే తల్లి అవుతుంది. నూనె అంటి, నీళ్లు పోసి, కాటుక దిద్ది, పాలిచ్చి, ముద్దుచేస్తుంది. సోమనాథుడు ఈ పనుల వరుసను తొందర లేకుండా ద్విపదలో పరిచాడు. చంటిబిడ్డకు నీళ్లు పోసే ఇంటిని దగ్గరగా చూసిన కవికే సాధ్యమయ్యే వర్ణన అది.

ఆ వర్ణన వరకే ఉంటే ఇది వాత్సల్యభక్తికి అందమైన ఉదాహరణగా మిగిలేది. కథకు ప్రాణం తరువాతి ఘట్టంలో ఉంది. ఆమెను పరీక్షించదలచిన శివుడు పాలు కుడవడం మానేస్తాడు. అంగిటిముల్లు అనే జబ్బు వచ్చినట్లు నటిస్తాడు. అంగిటిముల్లు ఆయుర్వేద గ్రంథాల సంస్కృతపదం కాదు. చంటిపిల్లలున్న ఇళ్లలో అవ్వలు పలికే మాట. కవి ఆ మాటను మార్చకుండా పురాణంలోకి తెచ్చాడు. బిడ్డ తాగడం లేదు, ఎందుకో తెలియదు, నోరు తెరిచి చెప్పే వయసు కాదు. బెజ్జమహాదేవి తల్లడిల్లుతుంది, బిడ్డకు ఏమీ చేయలేని తాను బతకడమెందుకని ప్రాణాలు తీసుకోవడానికే సిద్ధపడుతుంది. అప్పుడు శివుడు ప్రత్యక్షమవుతాడు. ఆమె శివుడికి తల్లిగా ‘అమ్మవ్వ’ అన్న పేరు పొందుతుంది.

భక్తి దృష్టితో చదివేవారికి ఆత్మార్పణం పరాకాష్ఠగా కనిపిస్తుంది. పాలిచ్చే తల్లి దృష్టితో చదివితే ఈ ఘట్టం మరొక విధంగా నిజం. నవజాతశిశువు రొమ్ము పట్టకపోతే తల్లి మొదట నిందించుకునేది తననే. తన పాలలో దోషముందా, తాను పట్టుకున్న తీరులో తప్పుందా, తాను తిన్నదేదో పడలేదా అన్న ప్రశ్నలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ప్రసవానంతరం వచ్చే కుంగుబాటును వైద్యులు ఇప్పుడు జబ్బుగా గుర్తిస్తున్నారు. సోమనాథుడు దానిని వర్ణించాడని చెప్పడం అతిశయోక్తి అవుతుంది. అయితే బిడ్డ కుడవకపోవడం ఒక స్త్రీని ప్రాణత్యాగం దాకా తీసుకుపోగలదన్న ఎరుక ఆ ద్విపదలో ఉంది. తరువాతి శతాబ్దాల ప్రౌఢకావ్యాలు ఆ ఎరుకను అందిపుచ్చుకోలేదు. జానుతెనుగు అన్నది కేవలం శైలికి సంబంధించిన నిర్ణయం అనుకునేవారు ఈ కథను మరోసారి చదవాలి. ఆ భాష లేకుండా ఈ అనుభవం కావ్యంలోకి వచ్చేది కాదు.

ఇంకొక మాట. బెజ్జమహాదేవి శివుణ్ణి కనలేదు. దివ్యావదానంలోని అంతఃపుర స్త్రీలూ మాంధాతను కనలేదు. యశోద కృష్ణుణ్ణి కనలేదు. మన ప్రసిద్ధ పాలతల్లులు ముగ్గురూ కనని తల్లులే. పాలు ప్రసవానికి మాత్రమే కట్టుబడినవని పాత కథలు అనుకోలేదు.

4. యశోద: పొంగిన పాలు, దించిన బిడ్డ

భాగవత దశమస్కంధంలో చనుబాల ఘట్టాలు అనేకం. పూతన విషం పూసిన రొమ్ము ఇస్తుంది. కృష్ణుడు పాలతోపాటు ప్రాణాన్నీ పీల్చేస్తాడు. అయినా రొమ్ము అందించిన పుణ్యానికి ఆమెకు సద్గతి లభిస్తుంది. ఇక్కడ పాల విలువను పూర్తిగా తాగినవాడే నిర్ణయించాడు. ఇచ్చినదాని ఉద్దేశం లెక్కలోకి రాలేదు. మరొకచోట పాలు తాగి ఆవులించిన బిడ్డ నోట్లో యశోదకు విశ్వం కనిపిస్తుంది. తాగిన తరువాత వచ్చే ఆ ఆవులింత ఏ తల్లికైనా తెలిసినదే. ఆ క్షణాన్ని విశ్వదర్శనానికి ఎంచుకోవడంలోని ఔచిత్యం గొప్పది.

అయినా వీటన్నిటికంటే పెద్ద ఘట్టం ఉలూఖలబంధనానికి ముందు వస్తుంది. పోతన అనువాదంలో కృష్ణుడి అల్లరి మీదే పాఠకుల దృష్టి నిలుస్తుంది కాబట్టి దీనిని త్వరగా దాటిపోతారు. యశోద ఆ రోజు తానే పెరుగు చిలుకుతున్నది. కృష్ణుడు నడిచివచ్చి కవ్వం పట్టుకొని పని ఆపి, పాలు కావాలంటాడు. ఆమె ఒడిలోకి తీసుకొని ఇస్తుంది. ఇంతలో పొయ్యిమీద పాలు పొంగుతాయి. తాగడం పూర్తికాని బిడ్డను దించి ఆమె పరుగెత్తుతుంది. కోపం వచ్చిన బిడ్డ కుండ పగలగొడతాడు.

ఈ ఘట్టంలోని బిడ్డ నడుస్తాడు, మాట్లాడతాడు, అలుగుతాడు, పగ తీర్చుకుంటాడు. అటువంటి వయసు పిల్లవాడు తల్లిపాలు తాగడం కథకుడికి ఏమాత్రం వింతగా లేదు. నడక వచ్చిన పిల్లవాడు ఇంకా పాలు తాగుతున్నాడా అని చుట్టాలు ముక్కున వేలేసుకునే కాలంలో ఈ సంగతి గుర్తుచేయదగినది. పాలివ్వడం ఇక్కడ ప్రత్యేకంగా తీసిపెట్టిన పవిత్రసమయం కాదు. చిలకడానికీ, పొయ్యికీ మధ్య దొరికిన ఖాళీ. రెండు పాలు ఏకకాలంలో ఆమెను పిలిచాయి. ఒకటి ఒడిలో, ఒకటి పొయ్యిమీద. ఆమె పొయ్యి వైపు వెళ్లింది.

అలా ఎందుకు వెళ్లిందని వైష్ణవ వ్యాఖ్యాన సంప్రదాయం ప్రశ్నించుకుంది. ఆ పాలు కూడా కృష్ణుడి కోసమే కాబట్టి దోషం లేదని సమాధానం చెప్పుకుంది. సమాధానంకంటే అది అవసరమైందన్న విషయమే ఆసక్తికరం. పని కోసం బిడ్డను ఒడిలోనుంచి దించిన తల్లి తరఫున ఎవరో ఒకరు వాదించక తప్పలేదన్నమాట. యశోద మాత్రం ఏమీ వాదించలేదు. పాలు దించి తిరిగివచ్చి, పగిలిన కుండను చూసి నవ్వుకుంది. తెలుగు భాగవత విమర్శ ఈ ఇల్లాలి ఉదయానికి ఇవ్వవలసినంత చోటు ఇవ్వలేదు. భక్తిలో పరవశించిన యశోదను చూసినవారు పనిలో సతమతమైన యశోదను చూడలేదు.

యశోద పేరు పెట్టుకున్న మరొక స్త్రీని బెంగాలీలో మహాశ్వేతాదేవి సృష్టించింది. ‘స్తనదాయిని’ కథలోని జశోద హల్దార్ల ఇంట పాలదాదిగా ఆ ఇంటి పిల్లలందరినీ పెంచి, చివరకు రొమ్ము క్యాన్సర్‌తో మరణిస్తుంది. పాలను జీతానికి చేసిన పనిగా చూపిన ఆ కథ ముందు పెడితే, పొయ్యి దగ్గరికి పరుగెత్తిన యశోద కూడా పనిమనిషిగా మరింత స్పష్టంగా కనిపిస్తుంది.

5. అచ్చమాంబ: సంస్కరణ నిశ్శబ్దం

నందిగామకు సమీపంలో మున్నేటి ఒడ్డున ఉన్న పెనుగంచిప్రోలులో భండారు అచ్చమాంబ 1874లో పుట్టింది. కొమర్రాజు లక్ష్మణరావు ఆమె తమ్ముడు. ఆరేళ్ల వయసులో తండ్రిని కోల్పోయింది. పదేళ్లకే వివాహమైంది. తమ్ముడి తోడ్పాటుతో చదువుకుంది. ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ 1901లో, ‘ధనత్రయోదశి’ కథ 1902లో వెలువడ్డాయి. ఆమె కన్న కొడుకు, కూతురు చిన్నతనంలోనే చనిపోయారు. ఆ తరువాత ఆమె అనాథ పిల్లలను తన ఇంట ఉంచి పెంచింది. 1905లో మరణించేనాటికి ఆమె వయసు ముప్పైయొక్క ఏళ్లు మించలేదు.

కన్నబిడ్డలను పోగొట్టుకొని, కనని బిడ్డలను పెంచిన ఈ రచయిత్రి మాతృదేహం గురించి ఏం రాసింది అన్న ప్రశ్న సహజం. రత్నమాలలో ఆమె ఎంచుకున్న కొలతలు విద్య, ధైర్యం, రాజ్యపాలన, శీలం. స్త్రీకి బుద్ధి తక్కువ అన్న వాదాన్ని చరిత్ర నుంచి తీసిన సాక్ష్యాలతో ఎదుర్కోవడం ఆమె ధ్యేయం. అటువంటి వాదంలో చనుబాలు ప్రతిపక్షం చేతి ఆయుధం. స్త్రీ పని కనడం, పెంచడం మాత్రమే అన్నవారికి బదులు చెబుతూ పాలిచ్చే అనుభవాన్ని ముందుకు తేవడం 1901లో సాధ్యపడే పని కాదు. ఆమె మౌనాన్ని లోపంగా లెక్కించే విమర్శ చరిత్రను మరచినదవుతుంది.

అదే కాలం నుంచి స్త్రీల పత్రికల్లో శిశుపోషణ వ్యాసాలు పెరిగాయి. వైద్యుడైన కె.ఎన్. కేసరి 1928లో స్థాపించిన ‘గృహలక్ష్మి’ వరకూ, ఆ తరువాతా ఈ ధోరణి సాగింది. ఆ గద్యం విధ్యర్థక క్రియలతో నడుస్తుంది: ఇవ్వవలెను, మానవలెను, చేయరాదు. నేటి ఆసుపత్రి గోడల మీది ‘తల్లిపాలు అమృతం’ అన్న నినాదం దాని వారసురాలే. అమృతం తాగినవారికి మాత్రమే పనికివస్తుంది. ఆ పోస్టరు కింద కూర్చున్న బాలింత చనుమొన పగిలి, బిడ్డ నోరు పెట్టగానే పళ్లు బిగించుకుంటున్న సంగతి పోస్టరు భాషలో పట్టదు. పాలడబ్బాల వ్యాపారాన్ని అరికట్టడానికి 1981లో అంతర్జాతీయ నియమావళి, 1992లో భారతదేశపు చట్టం వచ్చాయి. అవి అవసరమైనవే, మేలు చేసినవే. అయితే ప్రచారం గెలిచినకొద్దీ పాలు చాలని తల్లికి సిగ్గు ఎక్కువైంది. ఆ సిగ్గును కథావస్తువు చేయవలసినది సాహిత్యం.

6. స్త్రీవాద కవిత్వం వదిలిన చోటు

1980ల తరువాత వచ్చిన స్త్రీవాద కవిత్వం దేహాన్ని నిర్భయంగా పలికింది. కొండేపూడి నిర్మల ‘లేబర్ రూమ్’, పాటిబండ్ల రజని ‘అబార్షన్ స్టేట్‌మెంట్’, జయప్రభ ‘పైటను తగలెయ్యాలి’ ఇందుకు నిలువెత్తు ఉదాహరణలు. 1993లో వచ్చిన ‘నీలిమేఘాలు’ సంకలనం ఈ స్వరాలను ఒకచోట చేర్చింది. ప్రసవవేదన, గర్భస్రావం, పైట కవితాశీర్షికలయిన ఈ కవిత్వంలో పాలిచ్చే ఏడాదులకు అంత ప్రాధాన్యం దక్కలేదు.

కారణం ఊహించదగినదే. రొమ్మును ప్రబంధకవుల చూపు నుంచి, వీధిలోని చూపు నుంచి విడిపించడం మొదటి పోరాటం. పాలు అప్పటికే పితృస్వామ్యం నెత్తిన పెట్టుకున్న వస్తువు. దానిని ముట్టుకుంటే మాతృత్వపు కీర్తనలోకి జారిపోతామన్న జంకు ఉండివుండాలి. ప్రసవం ఒక సంఘటన, కవితలో ఇమిడే తీవ్రత దానికి ఉంది. పాలివ్వడం రాత్రికి నాలుగుసార్లు, ఏడాదికి మూడు వందల అరవై అయిదు రాత్రులు జరిగేది. దానికి కవితకంటే నవలే తగిన రూపం. చాకిరీని, విసుగును, సగం నిద్రలోని సుఖాన్ని, ఒక చేత్తో బిడ్డను పట్టుకొని మరొక చేత్తో అన్నం తినడాన్ని వచనం పట్టుకోగలదు. తెలుగు నవలలో పెళ్లికీ, పిల్లవాడి బడికీ మధ్య ఉన్న ఆ కాలం తరచుగా ఒక అధ్యాయానికీ మరొక అధ్యాయానికీ నడుమ ఉన్న ఖాళీ పుటలోనే గడిచిపోతుంది.

7. చేను, చట్టం, మల్లెపూలు

నందిగామ, జగ్గయ్యపేట మెట్టప్రాంతం పత్తికి, మిరపకు పేరుపొందింది. ఆ చేలలో ఏరివేత, కోత ప్రధానంగా స్త్రీల చేతుల మీద నడుస్తాయి. 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టం 2017 సవరణతో మొదటి ఇద్దరు బిడ్డలకు 26 వారాల జీతంతో కూడిన సెలవు ఇచ్చింది. బిడ్డకు పదిహేను నెలలు వచ్చేవరకు పనివేళల్లో పాలివ్వడానికి రెండు విరామాలు ఇచ్చింది. ఈ హక్కులు చట్టం పరిధిలోకి వచ్చే సంస్థల్లోని కొలువులకు చెందినవి. రోజుకూలికి మిరపచేలో దిగిన స్త్రీకి విరామం ఇచ్చే యజమాని పేరు ఏ రికార్డులోనూ ఉండదు. ఉపాధిహామీ పనుల్లో అయిదుగురు, అంతకు మించి పసిపిల్లలు వస్తే వారిని చూడటానికి ఒక స్త్రీని నియమించాలన్న నిబంధన మాత్రం ఉంది. మధ్యాహ్నం దాకా ఇంటి దగ్గర ముసలమ్మ చేతిలో ఉన్న బిడ్డ, చేలో ఉన్నా వేళకు చేపి రవిక తడిపే పాలు, కారం అంటిన వేళ్లు ఎన్నిసార్లు కడిగినా పోని మంట, ఆ వేళ్లతో బిడ్డ నోటికి రొమ్ము అందించడానికి జంకు. ఈ ప్రాంతపు కథకు ఇవన్నీ కళ్లముందున్న సామగ్రి. ఇంద్రుడు మాంధాత నోటికి అందించిన వేలికి కారం అంటలేదు.

చివరి దశ పాలు మాన్పించడం. బిడ్డ జీవితంలో తొలిసారి జరిగే వాటన్నిటికీ తెలుగువారికి వేడుకలున్నాయి. ఉయ్యాలలో వేయడానికి, అన్నప్రాశనకు, అడుగులు వేయడానికి, కేశఖండనకు. చివరిసారి పాలిచ్చిన రోజుకు వేడుక లేదు. చాలామంది తల్లులకు అది చివరిసారి అని ఆ రోజు తెలియదు. వేపాకు నూరి పూస్తారు, కలబంద గుజ్జు రాస్తారు, బిడ్డను నాలుగు రోజులు అమ్మమ్మ దగ్గర పడుకోబెడతారు. బిడ్డకు చేదు తగిలినప్పటి ముఖకవళికను అందరూ నవ్వుతూ చెప్పుకుంటారు. ఆ నాలుగు రాత్రులు పక్క గదిలో రొమ్ములు బిగిసి, నిద్రపట్టక, బిడ్డ ఏడుపు వినబడకుండా చెవులు మూసుకున్న మనిషి సంగతి చెప్పుకోరు.

దక్షిణాదిలో పాలు ఇంకిపోవడానికి రొమ్ములకు మల్లెపూలు కట్టే అలవాటు ఉంది. బిడ్డ పాలు మానినప్పుడూ కడతారు, బిడ్డ చనిపోయినప్పుడూ కడతారు. 1988లో వేలూరు వైద్యులు ఈ పూలను పాలు ఇంకించే మందుతో పోల్చి పరీక్షించి, పూలు నిజంగానే పనిచేస్తున్నాయని ప్రకటించారు. తెలుగు కవిత్వంలో మల్లెలు జడలోనూ పడకమీదా లెక్కలేనన్ని పూశాయి. పాలు ఇంకడానికి రవిక లోపల కట్టుకున్న మల్లెలు, తెల్లవారేసరికి పాలకు తడిసి వాడిపోయి గోధుమరంగుకు తిరిగిన మల్లెలు, ఆ కవిత్వంలో కనబడటం అరుదు.